ఫోమినా, ఎలేనా (1979 – )

రష్యా మహిళా ఫుట్‌బాల్ జట్టునందు మిడ్‌ఫీల్డరుగా రెండు ప్రపంచ కప్పులలో ఆడి, పిమ్మట ఆ జట్టునకే ప్రధాన శిక్షకురాలైన క్రీడాకారిణి. ఈమె జన్మించిన కాలమున సోవియట్ దేశమునందు స్త్రీలు ఫుట్‌బాల్ ఆడుట అధికారుల దృష్టికి అనుచితము. 1970వ దశకపు తొలినాళ్ళలో, స్త్రీల ఆరోగ్యమునకు హానికరమను నెపమున, ప్రభుత్వ క్రీడాశాఖ దానిని నిషేధించియుండెను. ఆ ఆంక్ష సడలిన మీదట సోవియట్ మహిళా జట్టు తన మొదటి అధికారిక పోటీ ఆడునప్పటికి 1990 వచ్చినది. మరుసటి సంవత్సరాంతమునకు ఆ దేశమే లేకపోయినది. కావున ఫోమినా తరమువారికి చూచి నేర్చుకొనదగిన పూర్వులు బహు స్వల్పము.

వెనుకనున్న రక్షకులనుండి బంతి నందుకొని ముందువరుసకు చేరవేయుట మిడ్‌ఫీల్డరు ధర్మమగుటచే, గోల్ చేసినవారి పట్టికలో అట్టివారి పేరు ముందువరుసవారికంటె తక్కువగా కనబడును. ఫోమినా విషయమున అట్లు కాలేదు. 1999లో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్పునకు రష్యా మొదటిసారిగా అర్హత పొంది, నార్వే చేతిలో 1-2తో ఓడి, జపానుపై 5-0తో గెలిచి, జూన్ 26న కెనడాను 4-1తో జయించినప్పుడు, ఆ నాలుగింట రెండు గోల్స్ ఈమెవి. క్వార్టర్ ఫైనల్‌లో చైనా 2-0తో రష్యాను నిలువరించెను.

2003 ప్రపంచ కప్పు చైనాలో జరుగవలసినదే కాని, సార్స్ వ్యాధి ప్రబలుటచే మరల అమెరికాకే తరలినది. సెప్టెంబరు 21న ఆస్ట్రేలియా 38వ నిమిషమున గోల్ చేసి, మరునిమిషముననే పొరపాటున బంతిని తన గోల్‌లోనికే పంపుకొని సరిసమానమై, ఆట ఇక తేలదని తోచుచుండగా, 89వ నిమిషమున ఫోమినా చేసిన గోల్ రష్యాకు విజయము నొసగెను. రష్యా క్వార్టర్ ఫైనల్‌కు చేరినది. అచ్చట మాత్రము, ఆ యేటి విజేత కానున్న జర్మనీ 7-1తో రష్యాను చిత్తుచేసినది. రష్యా పక్షమున ఆ ఒక్క గోల్ చేసినది పదునారేండ్ల బాలిక ఎలేనా దనీలొవా. ప్రపంచ కప్పులో గోల్ చేసినవారిలో అంతవరకు అంత చిన్నవారు లేరు. ఆ తరువాత రష్యా మహిళలు ప్రపంచ కప్పు గడప తొక్కలేదు.

శిక్షకురాలిగా ఫోమినా 2017లో నెదర్లాండ్స్‌లో జరిగిన ఐరోపా పోటీలకు జట్టును గొనిపోయెను. అంతకు పూర్వము నాలుగుమారులు ఆ పోటీల కేగియు ఒక్క ఆటయైన గెలువని రష్యా, జులై 17న రోటర్‌డామ్ నగరమున ఇటలీని 2-1తో ఓడించెను. స్వీడన్, జర్మనీ దేశముల చేతిలో 0-2తో ఓడి, తరువాతి దశకు చేరలేకపోయినది నిజమే. అయినను ఇటలీపై 9వ నిమిషమున మొదటి గోల్ చేసినది, పదునాలుగేండ్ల ముందు జర్మనీ చేతిలో ఫోమినాతో కలసి ఓడిన ఆ దనీలొవాయే.