బాబాయి పదకొండు సెంట్లు

మాది ముదినేపల్లి దగ్గర పల్లెటూరు. మొన్న సంక్రాంతికి వెళ్తే బాబాయికీ పక్కచేను ఆయనకీ మాటల్లేవు. కాగితంలో 55 సెంట్లున్న మడి కొత్త సర్వేలో 44 తేలిందట. "గట్టు జరిపి కలిపేసుకున్నాడ్రా" అని ఒకటే గొడవ.

పాత కాగితం తీయించి చూశాను. ఉత్తరం గట్టు 300 అడుగులు, దానికి సమాంతరంగా దక్షిణం గట్టు 180, ఏటవాలుగా ఉన్న మిగతా రెండూ చెరో 100. టేపు పెట్టి మళ్ళీ కొలిస్తే నాలుగూ అంతే ఉన్నాయి! మరి తేడా ఎక్కడ? అప్పటి పెద్దమనుషులు ఎదురెదురు గట్ల సగటులు కట్టి, 240ని 100తో గుణించేశారు. 24,000 చదరపు అడుగులు, సెంటుకి 435.6 చొప్పున 55 సెంట్లు. కానీ ఇది సమలంబ చతుర్భుజం కదండీ. 100 అనేది ఏటవాలు పొడవు, రెండు గట్ల మధ్య నిటారు దూరం 80 అడుగులే (60, 80, 100... మన పైథాగరసే). 240ని 80తో గుణిస్తే 19,200. అంటే 44 సెంట్లు.

పెద్దమనుషుల్ని తిట్టక్కర్లేదు, ఈ తప్పుకి చాలా చరిత్ర ఉంది. ఈజిప్టులో ఎడ్ఫు గుడి గోడల మీద చెక్కిన భూముల లెక్కలు ఇలాంటివే. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో దీన్ని వ్యవహారానికి పనికొచ్చే మోటు లెక్కగా చెప్పి, అసలు వైశాల్యానికి వేరే సూత్రాలిచ్చాడు. సమాంతర భుజాల మొత్తంలో సగాన్ని లంబంతో గుణించాలని ఆర్యభటుడు 499లోనే చెప్పాడు. మహావీరుడి పుస్తకాన్ని తెలుగు చేసినవాడు మన పావులూరి మల్లన. ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో ఆయన పేరు ఒక్కసారీ వినలేదు నేను.

ఈ మోటు లెక్కలో ఒక తమాషా ఉంది. దీర్ఘచతురస్రమైతే సరిపోతుంది, ఇంకే ఆకారమైనా ఎక్కువే వస్తుంది, తక్కువ రానే రాదు. లాభం ఎప్పుడూ అమ్మేవాడికీ, శిస్తు వసూలు చేసేవాడికీ. ఇన్ని వందల ఏళ్ళు ఊరికే బతికిందంటారా?

మద్రాసు ప్రెసిడెన్సీ సర్వేవాళ్ళు దీన్ని దగ్గరికి రానివ్వలేదు. 66 అడుగుల గొలుసు, దానికి 100 లింకులు. చేను మధ్యగా ఒక గీత లాగి, వంపు తిరిగిన ప్రతిచోటికీ లంబాలు కొలిచేవారు. రెండేసి లంబాల మధ్య ముక్క మళ్ళీ సమలంబ చతుర్భుజమే. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేకి డ్రోన్లూ రోవర్లూ వచ్చాయి గానీ, మూలల కోఆర్డినేట్ల నుంచి వైశాల్యం తీసే షూలేస్ ఫార్ములా విప్పి చూడండి. ఒక్కో భుజం కింద ఒక్కో సమలంబ చతుర్భుజం, కూడికలూ తీసివేతలూ. అంతే.

బాబాయికి కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. చాలాసేపు చూశాడు. "అయితే అప్పుడు లేని పదకొండు సెంట్లకి డబ్బు కట్టానన్నమాట" అన్నాడు. అమ్మినాయన పోయి చాలా ఏళ్ళయింది.