‘మంచి’ అనే మాట లేని సమరయుడు: లూకా 10:25-37 చారిత్రక నేపథ్యం

మన సండేస్కూలు పాఠాల్లోను, ప్రసంగాల్లోను ఈ ఉపమానానికి ‘మంచి సమరయుడు’ అనే పేరు స్థిరపడిపోయింది. అయితే లూకా సువార్త వచనాల్లో ‘మంచి’ అనే విశేషణం ఎక్కడా లేదు. ఆ మాట చేర్చటం వలన, తక్కిన సమరయులు మంచివారు కారని మనకు తెలియకుండానే ఒప్పుకుంటున్నాం. మొదటి శ్రోతల దృష్టిలో సమరయుడు ఎవరో తెలిసికొనకపోతే ఈ ఉపమానం కేవలం పరోపకార కథగా మిగిలిపోతుంది.

యూదులకు, సమరయులకు మధ్య ఉన్న వైరం పాతది, లోతైనది. క్రీ.పూ. 2వ శతాబ్దం చివరి భాగంలో యూదుల పాలకుడు, ప్రధాన యాజకుడు అయిన యోహాను హిర్కానస్ గెరిజీము కొండమీది సమరయుల ఆలయాన్ని పడగొట్టించాడు. కొపోనియస్ రోమా అధిపతిగా ఉన్న కాలంలో (క్రీ.శ. 6-9) పస్కా పండుగవేళ కొందరు సమరయులు రాత్రి యెరూషలేము దేవాలయంలో ప్రవేశించి మనుష్యుల ఎముకలు వెదజల్లారని చరిత్రకారుడు జోసీఫస్ వ్రాశాడు. లూకా 9వ అధ్యాయంలో ఒక సమరయ గ్రామం యేసునే చేర్చుకోలేదు. ఆ ఊరిమీద ఆకాశం నుండి అగ్ని రప్పించాలని యాకోబు, యోహానులు కోరారు. ఆ తరువాతి అధ్యాయంలోనే ఈ ఉపమానం కనిపిస్తుంది.

యెరూషలేము నుండి యెరికోకు దాదాపు 27 కిలోమీటర్లు. దారి పొడవునా వెయ్యి మీటర్లకు పైగా దిగుడు, నిర్జన ప్రదేశం. యాజకుడు, లేవీయుడు మైల పడతామనే భయంతో తప్పుకొనిపోయారని తరచుగా చెబుతాం. దీనిని సరిచూసుకోవాలి. శవాన్ని ముట్టకూడదనే లేవీయకాండము 21వ అధ్యాయపు నియమం యాజకులకు సంబంధించింది, లేవీయులకు కాదు. పైగా దిక్కులేని శవం కనబడితే ప్రధాన యాజకుడైనా పాతిపెట్టవలసిందేనని క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చబడిన మిష్నా సంప్రదాయం చెబుతుంది. కాబట్టి వారి తప్పును యూదు ధర్మశాస్త్రం మీద మోపటం న్యాయం కాదు.

యాజకుడు, లేవీయుడు వెళ్లాక మూడవవాడుగా సామాన్య ఇశ్రాయేలీయుడు వస్తాడని శ్రోతలు ఎదురు చూసి ఉంటారు. వచ్చినవాడు సమరయుడు! లేఖనాలు ఎరిగినవారికి ఇక్కడ మరొక కథ జ్ఞాపకం రాగలదు. ఆహాజు దినాల్లో సమరయవారు యూదా చెరవారికి బట్టలిచ్చి, అన్నపానాలిచ్చి, తలలకు నూనె రాసి, బలహీనులను గాడిదలమీద ఎక్కించి యెరికోకు చేర్చారు (2 దినవృత్తాంతములు 28:15). శత్రువు చేసిన మేలు యూదుల గ్రంథంలోనే వ్రాయబడి ఉంది.

సంఘ చరిత్రలో ఈ ఉపమానానికి ఛాయార్థాలు చెప్పబడ్డాయి. ఓరిజెన్ తనకు ముందటి ఒక పెద్ద చెప్పిన వ్యాఖ్యానాన్ని వివరించాడు: పడినవాడు ఆదాము, సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు సంఘం. అగస్టీన్ పూటకూళ్లవానిని అపొస్తలుడైన పౌలుగా చూశాడు. ఈ పద్ధతిని 1888లో అడాల్ఫ్ యూలిఖర్ తీవ్రంగా విమర్శించాడు. ఛాయార్థంలో భక్తి ఉంది, క్రీస్తు కనికరం ఉంది. కాని సమరయుడు వెంటనే క్రీస్తుగా మారిపోతే, శత్రువు ముఖం మనకు కనిపించకుండా పోతుంది.

ధర్మశాస్త్రోపదేశకుడు తన పొరుగువాడెవడని అడిగాడు. పొరుగువాడైనది ఎవరని యేసు తిరిగి అడిగాడు. అతని జవాబులో ‘సమరయుడు’ అనే పేరు లేదు, కనికరం చూపినవాడని మాత్రమే అన్నాడు.

మన ప్రసంగాల్లో సంఘాన్ని ఎప్పుడూ సహాయం చేసే సమరయుని స్థానంలోనే నిలబెడుతున్నాం. కాని యూదు శ్రోత తనను తాను చూసుకొనగలిగిన చోటు దారిప్రక్కన, గాయాలతో పడి ఉన్న చోటు. కులపు గీతలు ఇంకా చెరిగిపోని మన సంఘాల్లో కాపరి అడగవలసిన ప్రశ్న ఇది: ఏ ఇంటి నీళ్లు త్రాగటానికి మన పెద్దలు ఒప్పుకొనలేదో, ఆ ఇంటివారి చేత కట్టు కట్టించుకొని, అతడే నా పొరుగువాడని పేరు పెట్టి చెప్పగలమా?