విలువను నిర్ణయించేది ఎవరు? భాగస్వామ్య రూపకల్పన, ఆట: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

లాభంకన్నా సామాజిక ప్రయోజనాన్ని ముందుంచి వ్యాపారం సాగించేవి సామాజిక వ్యాపార సంస్థలు. వాటి విలువను కొలవడానికి శాన్‌ఫ్రాన్సిస్కోలోని రాబర్ట్స్ ఎంటర్‌ప్రైజ్ డెవలప్‌మెంట్ ఫండ్ 1990ల ద్వితీయార్ధంలో ఒక పద్ధతిని రూపొందించింది. ఉపాధి కల్పన వల్ల ప్రభుత్వానికి మిగిలిన వ్యయం వంటి ప్రయోజనాలను డబ్బుగా లెక్కగట్టి పెట్టుబడితో పోల్చడం దాని సారం. ‘పెట్టుబడిపై సామాజిక ప్రతిఫలం’గా అది ప్రసిద్ధి పొందింది. అయితే ఏది విలువ అన్న ప్రశ్న ఈ లెక్క మొదలుకాకముందే తేలిపోతుంది. ఆ ప్రశ్నను మళ్లీ తెరవడానికి ఆటలు, భాగస్వామ్య రూపకల్పన ఏ మేరకు తోడ్పడ్డాయో చరిత్రలో చూడవచ్చు.

రెండు నియమావళుల ఆట

అమెరికాకు చెందిన ఎలిజబెత్ మేగీ 1904లో ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’కు పేటెంటు పొందింది. భూమి విలువపై పన్ను విధించాలన్న హెన్రీ జార్జి సిద్ధాంతాన్ని బోధించడం ఆమె ఉద్దేశం. కాలక్రమంలో ఈ ఆటకు రెండు నియమావళులు ఏర్పడ్డాయి. ఒకదానిలో సంపద పెరిగితే అందరికీ లాభం. రెండవదానిలో ఒకరు గెలవాలంటే మిగిలినవారు దివాలా తీయాలి. బల్ల ఒకటే, పావులు అవే. నియమం మారితే విలువకు అర్థం మారిపోతుంది. 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ ఆమె పేటెంటును 500 డాలర్లకు కొని, అదే ఏడాది ‘మొనాపలీ’ని మార్కెట్లోకి తెచ్చింది. లోకమంతటా వ్యాపించిన ఆ ఆటలో నిలిచినది రెండవ నియమావళి మాత్రమే.

అట్టపెట్టెల కంప్యూటర్లు

నార్వేలో 1970ల ఆరంభంలో క్రిస్టెన్ నీగార్డ్ ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి చేసిన పని భాగస్వామ్య రూపకల్పనకు పునాది వేసింది. 1981లో మొదలైన ‘యుటోపియా’ ప్రాజెక్టు దానిని ముందుకు తీసుకువెళ్లింది. కంప్యూటర్ల రాకతో తమ నైపుణ్యం చెల్లనిదవుతుందని ముద్రణ కార్మికులు భయపడుతున్న కాలమది. పెల్లె ఏన్ తదితర పరిశోధకులు వారితో కలిసి అట్టపెట్టెలు, చెక్కలతో నమూనా యంత్రాలు చేసి, వాటితో పనిని అభినయించి చూశారు. ఖరీదు లేని నమూనాను ఎవరైనా విప్పవచ్చు, మార్చవచ్చు. సాంకేతిక పరిభాష తెలియని కార్మికుడికి అక్కడ నిపుణుడితో సమానంగా వాదించే వీలు దొరికింది. పని నాణ్యత, చేతి నైపుణ్యం కూడా కొలమానాలయ్యాయి. అయితే పాత్రికేయులు ఇందులో సమాన భాగస్వాములు కాలేదు. బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారన్నదే ఈ పద్ధతికి హద్దు.

జహీరాబాద్ అనుభవం

ఇదే ప్రశ్నకు తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతంలో మరో రూపం కనిపిస్తుంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన మహిళా సంఘాలు, వాటిలో అధికులు దళిత స్త్రీలు, 1990ల మధ్యకాలంలో ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ వ్యవస్థను నిర్మించాయి. పడావు భూములను సాగులోకి తెచ్చేందుకు ఇచ్చిన సొమ్మును రైతులు జొన్నల రూపంలో తిరిగి చెల్లించారు. ఆ ధాన్యం ఊళ్లోనే నిల్వ చేసి పేద కుటుంబాలకు తక్కువ ధరకు అమ్మారు. ఎవరు ఎంత పేదలో అధికారుల జాబితా నిర్ణయించలేదు. నేలమీద ఊరి పటం వేసుకుని గ్రామస్థులే తేల్చుకున్నారు. ఇది ఆట కాదు. కానీ అందరికీ కనిపించేలా గుర్తులు పెట్టి, ప్రశ్నించి, సరిదిద్దుకోవడంలో ఆటకున్న బహిరంగత ఉంది. తిరిగి వచ్చిన రూపాయి ఒక్కటే కాక, పచ్చబడిన నేల, ఊళ్లో మిగిలిన తిండి కూడా ఇక్కడ విలువగా లెక్కకు వచ్చాయి.

ముగింపు

ఈ మూడు సందర్భాలు ఒక భేదాన్ని స్పష్టం చేస్తున్నాయి. ఇచ్చిన నియమాలతో ఆడనివ్వడం వేరు, నియమాలను మార్చనివ్వడం వేరు. సూచికలను ముందే ఖరారు చేసుకుని, లబ్ధిదారుల చేత కార్డులు పేర్పించే సంస్థ మొదటిదాన్నే భాగస్వామ్యమని పిలుస్తుంది. మేగీ ఆటకు పట్టిన గతి దానికి హెచ్చరిక: నియమంపై హక్కు చేజారితే, విలువను ప్రశ్నించడానికి పుట్టిన ఆటే పాత విలువకు ప్రచార సాధనమవుతుంది. కాబట్టి సామాజిక సంస్థల మూల్యాంకనంలో ఎంత విలువ సృష్టించారన్న ప్రశ్నకు ముందు, కొలమానాన్ని మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న రావాలి.