నిమ్మళమైన తీరము

తిరుపతివారికి కొండ ఉన్నది, కోనేరు ఉన్నది, సముద్రము మాత్రము లేదని మా చిన్ననాట పెద్దలు అనెడివారు. సముద్రము చూడవలెనన్న మదరాసు పోవలసినదే. 2022 ఏప్రిల్ 4వ తేదీన కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు, అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉండిన సూళ్లూరుపేట, వాకాడు ప్రాంతములు తిరుపతి జిల్లాలో చేరినవి. ఆ విధముగా ఏడుకొండలవాని జిల్లాకు ఒక తీరము సమకూరినది. ఆ తీరమును గూర్చి మేము ఈనాడు ముచ్చటించుటకు కారణము చరిత్ర కాదు, ఒక ఇంటి బేరము.

మా బంధువులలో ఒక దంపతులు ముప్పది ఏండ్లుగా చెన్నపట్నములో, మూడవ అంతస్తులోని ఒక ఫ్లాటులో కాపురముండిరి. ఉద్యోగవిరమణమైన పిమ్మట దానిని అమ్మివేసి, వాకాడుకు ఆవల సముద్రపుటొడ్డున చిన్న ఇల్లు కట్టుకొనవలెనని తలచి, ఆలోచన అడుగుటకు మా యింటికి వచ్చిరి. "ఆడ రాత్రిపూట అలల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు బావా" అని అతడు మురిసిపోయెను. అతని భార్య మాత్రము, "డాక్టరు ఎంత దూరమో, మంచినీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకోవాలో, అది కూడా మీ బావగారికి చెప్పండి" అని మెల్లగా అనెను. ఊరి పేరు అడిగితిమి. దుగరాజపట్నము అని చెప్పిరి.

ఆ పేరు వినగనే మాకు నవ్వు వచ్చినది. సుమారు నాలుగువందల ఏండ్ల క్రిందట, పెద్దపట్నపు బాధలు పడలేక, ఇదే తీరమునకు నెమ్మదికై వచ్చినవారు కొందరు కలరు. వారును అక్కడ నిలువలేకపోయిరి. అక్కడినుండి లేచిపోయి వారు కట్టుకొన్న ఊరే, మావారు ఇప్పుడు విడిచిపెట్టదలచిన చెన్నపట్నము.

వారు ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ వర్తకులు. 1611లో గ్లోబు అను ఓడ మీద వచ్చి మచిలీపట్నములో వర్తకశాల పెట్టిరి. ఆనాటి మచిలీపట్నము గోల్కొండ సుల్తానుల ముఖ్యమైన రేవు. పారసీకులు, డచ్చివారు, దేశీయ కోమట్లు, నేతగాండ్రు, నావికులు, అందరును ఆ బురదనేల మీదనే కిక్కిరిసియుండిరి. సరకు దొరకెడిది. కాని సరకుతోపాటు అధికారుల బలవంతపు వసూళ్లు, పోటీదార్లయిన డచ్చివారి అడ్డంకులు, రోజుకొక తగవు. అద్దెయింటిలో యజమానితోను పొరుగువానితోను పడలేని సంసారి గతి వారిది.

నెమ్మదియైన చోటు కావలెనని వెదకుచు 1626లో దక్షిణముగా దిగి దుగరాజపట్నమున చిన్న స్థావరము ఏర్పరచుకొనిరి. తమకు సాయపడిన ఆర్ముగ ముదలియారు అను స్థానికుని పేర దానిని ఆర్మగాన్ అని పిలుచుకొనిరని ప్రతీతి. 1628లో మచిలీపట్నపు తగవు ముదిరినప్పుడు మూటాముల్లె సర్దుకొని ఇచటికే వచ్చిచేరిరి. 12 ఫిరంగులు నిలిపి ఒక చిన్నకోట కట్టుకొనిరి. మన తూర్పుతీరమున ఆంగ్లేయులు కట్టిన మొదటి కోట, చెన్నపట్నమున గాక, ఈ ఊరియందే కట్టబడెననుట చాలమందికి తెలియదు. చరిత్ర పుస్తకములు దీనిని ఒక వాక్యములో దాటిపోవుట చూచితిమి. అది న్యాయముగా లేదు.

చోటు మంచిదే. తీరమునకు ఎదుటనున్న ఇసుకతిప్ప అలలను విరుచును. దాని చాటున ఓడలకు కొంత రక్షణ కలదు. ఆ తిప్పకు నావికుల పటములలో ఆర్మగాన్ అను పేరే నిలిచినది. గోల్కొండ అధికారుల పీడ లేదు. ఒడ్డున ఇసుక, వెనుక తాటిచెట్లు, దక్షిణమున పులికాట్ సరస్సు. కోరిన నిశ్శబ్దము దొరికినది.

అయితే ఆ నిశ్శబ్దమునకు ఒక కారణము కూడ ఉండెను. కంపెనీవారు గాలి పీల్చుటకు వచ్చినవారు కారు, గుడ్డలు కొనుటకు వచ్చిరి. మగ్గము లున్నచోట చప్పుడుండును, చప్పుడు లేనిచోట మగ్గములు లేవు. మేలైన నూలుబట్ట కావలెనన్న దూరముపోయి తేవలసివచ్చెను. చుట్టుపట్ల పాళెగారైన నాయకునితో సఖ్యత కుదరలేదు. దక్షిణమున కొద్దిదూరములోనే పులికాట్‌లో డచ్చివారు 1613లోనే గెల్డ్రియా కోట కట్టుకొని కూర్చుండియుండిరి. పారిపోయి వచ్చిన పొరుగువాడు ఇచటను పొరుగువాడే అయ్యెను. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఫర్మానా ఇయ్యగా, పెద్దలందరు తిరిగి మచిలీపట్నమునకు మరలిపోయిరి. ఆర్మగాన్‌లో కొద్దిమంది మిగిలిరి. పట్నము విడిచి పల్లెకు పోయి, నాలుగేండ్లకు మరల పట్నము చేరిన కుటుంబములను మనము ఎరుగుదుము గదా.

మిగిలినవారికి పెద్దగా వచ్చినవాడు ఫ్రాన్సిస్ డే. ఈ ఊరు పనికిరాదని గ్రహించి అతడు తీరము వెంబడి దక్షిణముగా వెదకెను. సుమారు వంద కిలోమీటర్ల దూరాన, పోర్చుగీసువారి శాంథోమునకు సమీపమున, కూవము నది సముద్రములో కలియుచోట ఒక ఇసుకనేల అతని కంటబడెను. పేరు మదరాసుపట్నము. బెస్తవారి గుడిసెలున్న చిన్న పల్లె. ఓడరేవుగా చూచిన, ఇది ఆర్మగాన్ కంటె హీనము. తిప్ప చాటు లేదు. ఓడ దూరముగా లంగరు వేయగా, సరకును మనుష్యులను కుట్టుపడవలలో కరటముల మీదుగా ఒడ్డుకు చేర్చవలెను. ఎన్ని మూటలు నీటిపాలైనవో! అయినను డే ఆ చోటునే కోరెను. అక్కడ బట్ట చౌకగా దొరకుచుండెను.

ఆ భూమి దామెర్ల వెంకటప్ప నాయకుని ఏలుబడిలోనిది. ఇతడు వందవాసిలో నుండెను. తమ్ముడు అయ్యప్ప పూందమల్లిలో నుండెను. వీరి తండ్రి చెన్నప్ప నాయకుడు. మన కాళహస్తి సంస్థానాధీశులు ఈ దామెర్లవారి వంశమువారే. కొనువాడు నెమ్మది కోరును, అమ్మువాడు మరియొకటి కోరును. ఈ సోదరులలో ఒకడైన అంకభూపాలుడు రచించిన 'ఉషాపరిణయము' అను తెలుగు కావ్యములో ఈ సంగతి కలదు: ప్రళయకావేరికిని మైలాపురమునకును నడుమ నిత్యము పోరు జరుగుచుండగా, దానిని మాన్పుటకై అయ్యప్ప తండ్రి పేర చెన్నపట్నమును నిలిపెనట. ప్రళయకావేరి యనగా పులికాట్, డచ్చివారి చోటు. మైలాపురము పోర్చుగీసువారిది. ఇరువురు కలహశీలుర మధ్య మూడవవానిని కాపురము పెట్టించుటయే నాయకుల ఎత్తు. ఆ మూడవవాడు నిశ్శబ్దముగా నుండునని వారెట్లు తలచిరో!

1639లో పట్టా పుట్టినది. ఆగస్టు 22 అని చెన్నపట్నమువారు పండుగ చేసికొనుచున్నారు. జూలై అనువారును కలరు. చంద్రగిరి రాజమహలులో రాయలవారే ఆ పట్టా వ్రాసియిచ్చిరని మన వైపున చెప్పుకొనుట వాడుక. మేము చిన్నతనమున ఆ మహలు చూడబోయినప్పుడు అట్లే విని పొంగిపోతిమి. మొదటి పట్టా నాయకునిది. పై ప్రభువు పెదవేంకటరాయలు. ఆయన గతించిన తరువాత శ్రీరంగరాయలు 1645లో దానిని స్థిరపరచి, ఊరిని శ్రీరంగరాయపట్నమనెను. ఆ పేరు నిలువలేదు. ఈ రాయలవారును తల్లికోట యుద్ధానంతరము పెనుగొండకు, చంద్రగిరికి, వేలూరుకు ఇల్లు మార్చినవారే. వారు మాత్రము నెమ్మది కోరి మార్చలేదు, దండయాత్రలు తరుముచుండగా మార్చిరి.

1640 ఫిబ్రవరిలో డే, అతనిపై అధికారి ఆండ్రూ కోగన్, సామానుతోను కొద్దిమంది సిపాయిలతోను వచ్చి మదరాసుపట్నమున దిగిరి. కోట ఖర్చు నాయకుడే పెట్టుకొనునని డే భావించియుండెను. వచ్చి చూడగా ఆ భారము కంపెనీ నెత్తిన పడినది. ఇల్లు కట్టుకొన్నవారికి ఇది వింతగా తోచదు. లండనులోని యజమానులు ఈ ఖర్చును జూచి చాలకాలము సణుగుకొనిరి. మరుసటి ఏట, 1641లో, మచిలీపట్నపు పెత్తనమంతయు ఇచటికి మారెను. నేతగాండ్ర కుటుంబములు వందలకొలది వచ్చిచేరెను. బేరి తిమ్మన్న వంటి తెలుగు వర్తకులు ద్విభాషులై సరకు కూర్చిరి. కోట వెలుపల వీథులు పుట్టెను. విడిచివచ్చిన రద్దీని వారే పిలిచి తెచ్చుకొనిరి. పిలువనిచో వారికి బ్రతుకుదెరువు లేదు.

దుగరాజపట్నము మాత్రము మరల బెస్తవారిదాయెను. దాని నెమ్మది మీద లోకము కన్ను పూర్తిగా తొలగినదనుకొనరాదు. దక్షిణమున శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్టు లేచినది. రాకెట్టుకు తూర్పున తెరపి సముద్రము, చుట్టును జనసంచారము లేని నేల కావలెను. ఆ నిశ్శబ్దము కొరకు దీవిలోని యానాదులు తమ తావులు వదలి లేచిపోవలసి వచ్చినది. నెమ్మది కోరువాడు వచ్చునప్పటికి అక్కడ ఎవరో ఒకరు ముందే ఉందురు. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టములో దుగరాజపట్నమున పెద్దరేవు కట్టుదుమని, మొదటి దశ 2018 నాటికి ముగించెదమని వ్రాసిరి. పులికాట్ పక్షుల సంగతి, రాకెట్టు కేంద్రము సంగతి ముందుకు వచ్చినవి. 2018 గడచినది, ఓడలు రాలేదు.

ఇదంతయు మా బావమరదికి చెప్పితిమి. "అయితే పోవద్దంటారా బావా?" అని అతడు ముఖము చిన్నబుచ్చుకొనెను. పోవద్దనుటకు మేమెవరము? కంపెనీవారికి బట్ట కావలసియుండెను. నీకు ఏమి కావలెనో లెక్క వేసికొమ్మంటిమి. పింఛను నెలనెలా వచ్చును గనుక మగ్గముల చింత లేదు. కాని మంచినీటి చింత ఉన్నది, ఈశాన్య ఋతుపవనపు వానల చింత ఉన్నది, ఏ రాత్రియో గుండెనొప్పి వచ్చిన గూడూరో నాయుడుపేటో చేరవలసిన చింత ఉన్నది. ఆ తీరమున తుపాను చూడని తరము లేదు. ఫ్లాటు అమ్ముటకు ముందే అక్టోబరు నుండి డిసెంబరు దాక ఆ ఊరిలో అద్దెకు ఉండి చూడుమని చెప్పితిమి. అతని భార్య అప్పుడు మొదటిసారి నవ్వెను.

వారు వాకాడులో ఒక పాతయిల్లు అద్దెకు తీసికొని మూడు నెలలుండిరి. రెండుమారులు కరెంటు పోయినది. ఒకమారు మూడు దినములు దారి మూసుకొనిపోయినది. పొరుగున నున్న బెస్తవారి ముసలమ్మ ఆ మూడు దినములును చేపలకూర పంపెనట. చివరకు ఒడ్డున కాక, ఊరిలోపలనే, బస్సు నిలుచుచోటికి నడిచిపోగల దూరములో స్థలము కొనిరి. అలల చప్పుడు అంత దూరము వినపడదని అతనికి కొంత బెంగ. ఆ ఏర్పాటు ఎవరిదో మేము అడుగలేదు.

చెన్నపట్నపు ఫ్లాటును కొన్నవారు చిత్తూరు నుండి ఉద్యోగమునకై పోవుచున్న యువదంపతులు. బయానా ఇచ్చిననాడు ఆ అమ్మాయి కిటికీ తెరచి, "ఇక్కడినుంచి సముద్రం కనపడుతుందా అండీ?" అని అడిగెనట.

"కనపడదమ్మా, సాయంత్రమైతే గాలి మాత్రం వస్తుంది" అని మా చెల్లెలు చెప్పెనట.