ఎస్‌డీజీ ఇండెక్స్: రాష్ట్రాల అభివృద్ధికి మార్కులు ఎలా వేస్తారు?

ఆదాయం పెరిగితే రాష్ట్రం బాగుపడినట్టేనా? అది అందరికీ చేరిందా అన్నదీ చూడాలి కదా! అందుకే నీతి ఆయోగ్ 2018 నుంచి ఎస్‌డీజీ ఇండియా ఇండెక్స్ ఇస్తోంది. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలే దీనికి ఆధారం. వాటికి గడువు 2030.

స్కోరు ఎలా?
ప్రతి రాష్ట్రానికి 0 నుంచి 100 వరకు మార్కులు. 50 లోపు 'ఆస్పిరెంట్', 50-64 'పెర్ఫార్మర్', 65-99 'ఫ్రంట్ రన్నర్', 100 వస్తే 'అచీవర్'.

ఎవరికెంత?
2018లో దేశం స్కోరు 57, 2023-24లో 71. ఈసారి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు చెరో 74 వచ్చాయి. 79తో కేరళ, ఉత్తరాఖండ్ ముందున్నాయి. 57తో బిహార్ చివర ఉంది. అయితే 2018లో లెక్కించిన సూచికలు 62, 2023-24లో 113. కాబట్టి పాత, కొత్త స్కోర్లను నేరుగా పోల్చి సంబరపడకూడదు.

స్కోరులో కనిపించనిది
ఉపాధి, ఆర్థిక వృద్ధికి సంబంధించిన 8వ లక్ష్యంలో తలసరి ఆదాయ వృద్ధి, నిరుద్యోగం, జన్‌ధన్ ఖాతాల్లో మహిళల వాటా లాంటివి చూస్తారు. కానీ ఖాతా ఉండటం వేరు, అందులో డబ్బులుండటం వేరు. రాష్ట్ర సగటులో రంగారెడ్డి ఐటీ జీతాలూ, ఆదిలాబాద్ గూడేల కూలీ కలిసిపోతాయి. లాడ్ బజార్ కోసం ఇంట్లో కూర్చుని లక్క గాజులు చేసే మహిళకు రోజుకు ఎంత ముడుతోందో 74 అనే అంకె చెప్పదు.

అందుకే స్కోరు విన్నప్పుడు ఇంకో మాట అడగాలి: మన జిల్లాలో ఎంత? మహిళల్లో, మైనారిటీల్లో ఎంత?