వంశీ
తెలుగు చలనచిత్ర దర్శకుడు, నవలా కథా రచయిత (జననము 1956). రామచంద్రపురము చేరువనున్న పసలపూడి ఈయన స్వగ్రామము. 1982లో ‘మంచుపల్లకి’తో దర్శకత్వమునకు ఉపక్రమించి, తాను రచించిన ‘మహల్లో కోకిల’ నవలనే 1984లో ‘సితార’గా తెరకెక్కించెను, ఉత్తమ తెలుగు చిత్రముగా దానికి జాతీయ పురస్కారము లభించినది.

భయానక రసపోషణమున ఈయనకు గల నేర్పునకు 1985 నాటి ‘అన్వేషణ’యే నిదర్శనము. అడవిలో వరుసగా సంభవించు మరణములు పులి పనియని జనులు నమ్ముచుండగా, ఆ నమ్మకము చాటున మెలగు మనుష్యుని కడవరకు మరుగుపరచి, చెట్ల నీడలతోను, ఇళయరాజా నేపథ్య సంగీతముతోను ప్రేక్షకుని గుండె దడదడలాడించిన ఈ చిత్రమునకు సాటివచ్చునవి తెలుగున మిక్కిలి అరుదు. స్వాతి వారపత్రికలో బాపు బొమ్మలతో వెలువడిన ‘మా పసలపూడి కథలు’ మాత్రము వేరొక లోకము. కాలువగట్లు, గోదావరి మాండలికము, విందు వంటకములు అందు సజీవములు.