దాణాలో మందు: ఒక పరీక్ష చరిత్ర

పశువుల దాణాలో కలిపే ఏ పదార్థాన్ని గురించి అయినా రెండు ప్రశ్నలు వేయాలి. అది పనిచేస్తుందా? దానివల్ల ప్రమాదం లేదా? ఈ రెండూ జంటగా నడిచే ప్రశ్నలని మనం సహజంగా అనుకుంటాం. చరిత్రలో అలా జరగలేదు. మొదటి ప్రశ్నకు జవాబు నెలల్లో వచ్చింది. రెండవ ప్రశ్నను సరిగ్గా అడగడానికే ఇరవై యేళ్ళు పట్టింది. వచ్చిన జవాబును ఆచరణలో పెట్టడానికి కొన్ని దేశాలలో మరో నలభై యేళ్ళు కూడా చాలలేదు. ఈ జాప్యానికి శాస్త్రం మందగమనం కారణమా, మరేదైనా ప్రయోజనం కారణమా అన్నది విచారించవలసి వుంది. అందుకు తగిన ఉదాహరణ ఒకటి తెలుగువారికి బాగా దగ్గరలోనే వున్నది.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో చేరి, న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఆ కంపెనీ పరిశోధనలకు నాయకుడైనాడు. ఫోలిక్ ఆమ్లం సంగతీ, బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ సంగతీ పాఠకులెరిగినవే. ఆయన నాయకత్వంలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు, విశ్వవిద్యాలయ ఉద్యోగం నుంచి విరమించాక అక్కడ చేరి, మిస్సోరీ విశ్వవిద్యాలయపు ప్రయోగక్షేత్రం నుంచి వచ్చిన పిడికెడు మట్టిలో ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. దాన్నుంచి తీసిన బంగారు రంగు మందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1948 జూలైలో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు మరణించాడు. ఆయన వెతికింది మనిషి రోగానికి మందు. అది కోళ్ళ దాణాలోకి దిగిన కథ ఆయన పోయిన నాలుగు నెలలకు మొదలైంది. ఆయన కీర్తి చెప్పుకునేటప్పుడు మనం ఆరియోమైసిన్ పేరు తలచి అక్కడితో ఆగిపోతాం. ఆగకూడదని నా అభిప్రాయం. మహనీయుల పనికి మార్కెట్టు యేమి చేసిందో తెలుసుకోవడం కూడా వారి చరిత్రలో భాగమే.

యుద్ధం తర్వాత అమెరికా కోళ్ళ పరిశ్రమకు ఒక చిక్కు వచ్చింది. చేపల పొడి ఖరీదు. సోయా చిక్కుడు చవక. కాని వట్టి మొక్కల దాణా తిన్న పిల్లలు సరిగ్గా ఎదగవు. జంతుసంబంధమైన ఆహారంలో ఏదో తెలియని పోషక పదార్థం వుందని శాస్త్రజ్ఞులు అనుమానించారు. అది బి12 విటమిన్ అని 1948లో తేలింది. దాన్ని చవకగా తీసేదెలాగని కంపెనీలన్నీ వెతుకుతున్నాయి. లెడర్లీలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ ఆ పనిలోనే వున్నారు. ఆరియోమైసిన్ తీసివేశాక తొట్లలో మిగిలే పిప్పిలో బి12 వుండవచ్చునని వారి ఊహ. కోడిపిల్లలను జట్లుగా విడదీసి, కొన్నిటికి కాలేయసారం, కొన్నిటికి ఈ పిప్పి పెట్టారు. 1948 డిసెంబరులో, క్రిస్మస్ పండుగనాడు, జూక్స్ పిల్లల్ని తూచాడు. పిప్పి తిన్నవి ఖరీదైన కాలేయసారం తిన్నవాటిని మించి ఎదిగాయి. బి12తో మాత్రమే అంత ఎదుగుదల రాదు. పిప్పిలో మిగిలిపోయిన మందే ఆ పని చేసిందని కొద్దికాలానికే అర్థమైంది.

పారబోయవలసిన వ్యర్థం సరుకైంది! అక్కడినుంచి వ్యవహారం పరుగెత్తింది. 1950 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో జరిగిన రసాయనశాస్త్రజ్ఞుల సభలో ఈ సంగతి బయటపడగానే పత్రికలు మొదటి పేజీలో అద్భుతమని వ్రాశాయి. 1951లో అమెరికా ఆహార ఔషధ శాఖ పశువైద్యుడి చీటీ లేకుండానే ఈ మందులను దాణాలో కలుపుకోవచ్చునని అనుమతించింది. 1953లో బ్రిటన్ చట్టం చేసి అదే దారి పట్టింది.

ఇప్పుడు ఆ త్రాసు దగ్గరికి ఒకసారి వెనక్కు వెళదాం. జూక్స్ తూచింది కోడిపిల్ల బరువు. దాణా ఎంత పడింది, మాంసం ఎంత వచ్చింది అన్నది లెక్క. ప్రమాదం మాటకొస్తే, కోడి ఆరోగ్యంగా వుందా, దాని మాంసంలో మందు మిగిలిందా అని చూశారు. టన్ను దాణాకు కొద్ది గ్రాములే గనుక మాంసంలో మిగిలేదీ స్వల్పమే. మిగిలినా వంటలో చాలావరకు నశిస్తుందన్నారు. ఈ లెక్కలో ఒక ప్రాణి లేదు. కోడి పేగులో కోట్లకొద్దీ కాపురముండే బాక్టీరియాను ఎవరూ తూచలేదు. మందు నిర్జీవ పదార్థం, రోజురోజుకు తగ్గిపోతుంది. మందుకు లొంగకుండా బతకడం నేర్చిన సూక్ష్మజీవి అలాంటిది కాదు. అది పిల్లలు పెడుతుంది, రెట్టలో బయటికి వస్తుంది, రైతు చేతికంటుతుంది, బావినీళ్ళలో పడుతుంది. మిగులు పదార్థాన్ని కొలిచే పరీక్షతో దాన్ని కొలవాలనుకోవడం గజం బద్దతో జ్వరం చూడడం వంటిది.

అప్పట్లో ఎవరికీ తెలియదు కదా అని వాదించేవారున్నారు. అది నిజం కాదు. తగినంత మోతాదు వాడకపోతే సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడతాయని 1945లో నోబెల్ బహుమానం అందుకుంటూ పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ స్వయంగా హెచ్చరించాడు. దాణాలో కలిపేది సరిగ్గా అలాంటి చాలీచాలని మోతాదే. అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి. అనుమతి ఇచ్చిన 1951లోనే కాలిఫోర్నియాలో స్టార్, రేనాల్డ్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సీమకోళ్ళకు స్ట్రెప్టోమైసిన్ పెట్టి, వాటి పేగుల్లో ఆ మందుకు లొంగని బాక్టీరియా త్వరలోనే పెరిగిపోయిందని చూపి, ప్రజారోగ్య పత్రికలోనే ప్రచురించారు. అంటే రెండవ త్రాసు అప్పటికే సిద్ధంగా వుంది. దాన్ని ఎవరూ బజారుకు తేలేదు.

ఇక పనిచేయడం సంగతి. అందరూ ఒప్పుకున్న ఈ అంశమే నన్ను ఎక్కువగా ఆకర్షిస్తుంది. మందు పనిచేసింది, సందేహం లేదు. ఎక్కడ పనిచేసింది? ఇంగ్లండులో మారీ కోట్స్ బృందం 1950 దశకం ఆరంభంలో ఒక చిత్రమైన సంగతి గమనించింది. పాత షెడ్డులో పెంచిన పిల్లలకు మందు పెడితే ఎదుగుదల పెరిగింది. కోళ్ళెన్నడూ వుండని కొత్త, శుభ్రమైన ఇంట్లో పెంచితే మందు లేకుండానే పిల్లలు అంత బాగా ఎదిగాయి. మందు పెట్టినందువల్ల అదనంగా ఒరిగింది లేదు. తర్వాత 1963లో, అసలు సూక్ష్మజీవులే లేని వాతావరణంలో పొదిగించి పెంచిన పిల్లలతో అదే సంగతి మళ్ళీ రుజువైంది. దీని భావం ఏమిటి? ఆ పొడి పనిచేసిన చోట అది శుభ్రతకూ, చోటుకూ, గాలికీ, మనిషి శ్రమకూ బదులుగా పనిచేసింది. షెడ్డు కడగడానికి కూలి ఇవ్వాలి. కోడికి మరో జానెడు చోటు ఇవ్వాలంటే పెట్టుబడి కావాలి. ఆ ఖర్చుకంటె సంచిలోని పొడి చవక. కాబట్టి పేరు ‘వృద్ధి కారకం’ అయినా, అది వృద్ధి చేసిన వాటిలో ఇరుకు పెంపకం కూడా ఒకటి. వేలకొద్దీ కోళ్ళను ఒకే కప్పు కింద కుక్కే పద్ధతి ఈ పొడి వల్లనే పుట్టిందని నేననను. సంకరజాతులు, కరెంటు, దాణా మిల్లులు, బ్యాంకు అప్పులు అన్నీ కలిశాయి. కాని ఆ ఇరుకుతనాన్ని భరించదగినదిగా చేసింది ఈ పొడి.

రెండవ ప్రశ్న తూర్పు నుంచి వచ్చింది. 1959లో జపానులో ఓచియాయ్, అకిబా అనే వారు రక్తవిరేచనాల బాక్టీరియాను పరిశీలిస్తూ, ఒక సూక్ష్మజీవి తాను నేర్చిన ప్రతిఘటనను వేరే జాతి సూక్ష్మజీవికి నేరుగా దానం చేయగలదని చూపారు. అది కూడా ఒక మందుకు కాదు, ఒకేసారి కొన్ని మందులకు. ఆ పరిశోధనలు జపాను భాషలో వుండడం చేత పడమటి శాస్త్రజ్ఞులు వాటిని చాలాకాలం చూడనేలేదు. 1963లో వాటనబే ఇంగ్లీషులో సమీక్ష వ్రాసినాకనే వారికి మెలకువ వచ్చింది. పెద్ద భాషల్లో లేనిది జ్ఞానమే కాదనుకునే అలవాటుకు ఇంత మూల్యం చెల్లించవలసి వచ్చింది!

ఆ యేళ్ళలోనే బ్రిటన్‌లో ఆండర్సన్ అనే సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడు దూడల్లో పెరిగిన సాల్మొనెల్లాను వెంటాడాడు. పొలాల నుంచి సంతలకూ, సంతల నుంచి పొలాలకూ తిరిగే దూడలతోపాటు పలు మందులకు లొంగని జాతి ఒకటి వ్యాపించి, మనుషులకూ సోకిందని చూపాడు. అంతకుముందు 1962లో నెదర్‌తోర్ప్ కమిటీ ఇదే విషయం పరిశీలించి, అనుమతి ఆపడానికి కారణం కనబడలేదన్నది. ఆ కమిటీ అధ్యక్షుడు అంతకు రెండేళ్ళ ముందుదాకా జాతీయ రైతుసంఘానికి అధ్యక్షుడు. 1967 చివర మిడిల్స్‌బ్రో ప్రాంతపు ఆసుపత్రులలో పసిపిల్లలు మందులకు లొంగని విరేచనాలతో చనిపోయారు. ఆ చావులకు దాణాయే కారణమని రుజువు కాలేదు. ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కాని పత్రికల్లో గగ్గోలు పుట్టి, ప్రభుత్వం స్వాన్ అధ్యక్షతన కొత్త కమిటీ వేయడానికి ఆ చావులు దోహదం చేశాయి. 1969 నవంబరులో స్వాన్ నివేదిక వచ్చింది. మనిషి చికిత్సకు వాడే మందులను ఎదుగుదల కోసం దాణాలో కలపరాదన్నది దాని సారం. 1971 నాటికి బ్రిటన్‌లో పెన్సిలిన్, టెట్రాసైక్లిన్లు ఆ పనికి బందు అయ్యాయి.

అమెరికాలో స్టూవర్ట్ లెవీ చేసిన ప్రయోగం సూటిగా వుంటుంది. మసాచుసెట్స్‌లో ఒక కుటుంబం పొలంలో మూడు వందల కోడిపిల్లలను తెచ్చి, సగానికి టెట్రాసైక్లిన్ కలిపిన దాణా, సగానికి మామూలు దాణా పెట్టారు. వారం రోజుల్లో మందు తిన్న కోళ్ళ పేగుల్లో దాదాపు అంతా మందుకు లొంగని బాక్టీరియాయే. ఐదారు నెలల్లో, ఆ మందు ముట్టని ఆ ఇంటి మనుషుల్లో కూడా అలాంటి బాక్టీరియా ఇరుగుపొరుగువారిలో కంటె ఎన్నోరెట్లు ఎక్కువగా కనిపించింది. ఫలితాలు 1976లో అచ్చయినాయి. ప్రయోగానికి డబ్బిచ్చింది పశువైద్య మందుల తయారీదారుల సంఘమే. తమ సరుకు నిర్దోషి అని తేలుతుందని వారు ఆశించారు. 1977లో ఆహార ఔషధ శాఖ అధిపతి డొనాల్డ్ కెనెడీ పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ల అనుమతి ఉపసంహరిస్తామని నోటీసు ఇచ్చాడు. కాంగ్రెసులో ఆ శాఖకు డబ్బు మంజూరు చేసే కమిటీ అడ్డుపడి, ఇంకా పరిశోధన జరగనివ్వండి అన్నది. ఆ నోటీసులను 2011 డిసెంబరులో వెనక్కి తీసుకున్నారు. చికిత్సకు అవసరమైన మందులను ఎదుగుదల కోసం వాడడం అమెరికాలో 2017 జనవరితో ఆగింది. జూక్స్ అప్పటికి లేడు. 1999లో మరణించేదాకా ఆయన తన ఆవిష్కరణను సమర్థిస్తూనే వచ్చాడు.

‘ఇంకా పరిశోధన’ అన్న మాటను నేను ద్వేషించను. అది శాస్త్రానికి ఊపిరి. కాని ఆ మాట ఎవరి చేతిలో వుందో చూడాలి. అమ్మడానికి ఒక క్రిస్మస్ తూకం చాలింది. ఆపడానికి ముప్పై నాలుగేళ్ళ రుజువులు చాలలేదు.

ఐరోపాలో కూడా స్వాన్ నివేదికకు సందులు వెతికారు. మనుషులకు వాడని కొత్త మందులు దాణాకు కావాలి కదా, అందుకని ఆవోపార్సిన్ వచ్చింది. దాన్ని తయారు చేసింది లెడర్లీకి మాతృసంస్థ అయిన అమెరికన్ సయనమిడ్. అది మనుషులకు వాడే మందు కాదు, నిజమే. కాని ఆసుపత్రులలో చివరి అస్త్రంగా దాచుకున్న వాంకోమైసిన్‌కు దగ్గరి చుట్టం. చుట్టానికి అలవాటు పడిన బాక్టీరియాకు ఇది కొత్త కాదు. 1994లో డెన్మార్కు మనుషులకు వాడిన వాంకోమైసిన్ 24 కిలోలు. అదే సంవత్సరం పశువులకు పెట్టిన ఆవోపార్సిన్ 24,000 కిలోలు. ఆ అంకెలు పక్కపక్కన పెట్టినాక వాదించడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. 1995లో డెన్మార్కు, 1997లో ఐరోపా సమాఖ్య అంతా దాన్ని నిషేధించాయి. స్వీడన్ 1986లోనే మొత్తం వృద్ధి కారకాలను ఆపివేసింది. 2006 జనవరి 1 నుంచి సమాఖ్యలో అన్నీ ఆగిపోయాయి.

ఆపితే ఏమైంది? డెన్మార్కులో మాంసపు కోళ్ళకు చెప్పుకోదగిన నష్టం రాలేదు. తల్లిపాలు మాన్పించిన పందిపిల్లల విషయంలో మాత్రం విరేచనాలు పెరిగాయి. వాటికి చికిత్సగా వాడే మందు కొంతకాలం పెరిగింది. నిషేధాన్ని సమర్థించేవారు ఈ రెండవ వాక్యాన్ని మింగివేయడం నాకు నచ్చదు. కోట్స్ చూపిన సంగతే అక్కడ తిరిగి కనిపిస్తున్నది: పాలు త్వరగా మాన్పించి ఇరుకులో పెంచే పద్ధతి అలాగే వుంటే పొడి తీసివేయడం కష్టం. ఇక లాభం సంగతి: అమెరికాలో డెబ్భై లక్షల కోళ్ళ లెక్కలు తిరగవేసి 2007లో అచ్చువేసిన పరిశీలనలో, ఎదిగిన మాంసం విలువ మందు ఖర్చుకే చాలలేదని తేలింది. తొలినాటి అద్భుతం పోయి, 2015 నాటికి అమెరికా వ్యవసాయ శాఖ అంచనా వేసిన ఉత్పాదకత లాభం నూటికి ఒకటి నుంచి మూడు.

2003 నాటి ఐరోపా నిబంధన ఇప్పుడు రెండు ప్రశ్నలనూ ఒకే దరఖాస్తులో అడుగుతుంది. తిన్న జంతువుకూ, దాన్ని తిన్న మనిషికీ, సంచి విప్పి పొడి కలిపే కూలికీ, పేడ చేరే నేలకూ నీళ్ళకూ ప్రమాదం లేదని చూపాలి. పనిచేస్తుందని కూడా చూపాలి. అనుమతి పదేళ్ళకే, తర్వాత మళ్ళీ అడగాలి. సంచి విప్పే కూలి పేరు ఆ జాబితాలో ఎక్కడం చిన్న సంగతి కాదు. కాని ప్రయోగాలు జరిపించి కాగితాలు తెచ్చేది ఇప్పటికీ అమ్మదలచుకున్న కంపెనీయే.

మన దేశంలో ఈ కథ కొలిస్టిన్ రూపంలో నడిచింది. మూత్రపిండాలకు చెరుపు చేస్తుందని వైద్యులు చాలాకాలం పక్కన పెట్టిన పాత మందు అది. వైద్యులు వదిలిన దాన్ని కోళ్ళ దాణా అందుకుంది. తక్కిన మందులకు రోగాలు లొంగని రోజులు వచ్చేసరికి ఆసుపత్రులు మళ్ళీ దానికోసమే చేయి చాచవలసి వచ్చింది. 2015 నవంబరులో చైనా శాస్త్రజ్ఞులు, ఒక బాక్టీరియా నుంచి మరొక దానికి దాటిపోగల కొలిస్టిన్ ప్రతిఘటన జన్యువును పందులలో, మాంసంలో, రోగులలో కనుగొన్నామని ప్రకటించారు. చైనా త్వరలోనే దాన్ని ఎదుగుదల మందుగా ఆపివేసింది. 2019 జూలైలో భారత ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్ళకు, చేపలు రొయ్యల చెరువులకు, దాణా మిశ్రమాలకు కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. మనుషుల కోసం తయారయ్యే కొలిస్టిన్ పెట్టెల మీద కూడా, దీన్ని ఈ పనులకు వాడరాదు అని అచ్చువేయాలని ఆ ఉత్తర్వులోనే వుంది.